గడప రేకు, పొయ్యి పగులు

అనగనగా, మీ నాన్న ఊరూ కాదు మీ అమ్మ ఊరూ కాదు, మబ్బులు దిగొచ్చి నేల మీద పడుకునే ఒక కొండ ఊళ్ళో ఒక రాజు ఉండేవాడు. రాజంటే ఏనుగులూ గుర్రాలూ అనుకునేరు. అంత లేదు. ఆయన కోటకి ఒకటే తలుపు, ఆయనకి ఒకటే కత్తి, ఆ కత్తికి ఒకటే ఒర. పేరు సింగరాజు. ఆయన భార్య కొండమాంబ. ఊరికి రాజంటే గౌరవం, రాణంటే భయం. వాళ్ళ కొడుకు సరిహద్దు కాపలాకి వెళ్ళాడు. కోడలు ముత్యాలు కోటలోనే ఉంది. ఆ ముత్యాలుకి అప్పుడే ఒక ఆడపిల్ల పుట్టింది. ఎర్రగా, పిడికెడంత ఉంది.

ఊ కొడుతున్నారా? హేలా, కాళ్ళు లోపలికి పెట్టుకో. మురారీ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే చెల్లి ఏం కప్పుకుంటుంది? సరే, వినండి.

ఆ ఊళ్ళో చలి మన చలి లాంటిది కాదు. నెయ్యి రాయైపోయేది, నూనె ముద్దైపోయేది, మాట నోట్లోంచి పొగై వచ్చేది. పొద్దున్నే చెంబులో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు మనవో కాదో తెలిసేది కాదు. అందుకని కోటలో పెద్ద గది మధ్యన ఒక పొయ్యి ఉండేది. మట్టి పొయ్యి కాదు. ఇనుమును కరిగించి, అచ్చులో పోసి చేసిన పోత ఇనుము పొయ్యి. నాలుగు కాళ్ళు, ముందు ఒక తలుపు, వెనక పొగ పోవడానికి గొట్టం. కట్టె లోపల కాలుతుంటే ఇనుమంతా వేడెక్కి గదంతా వెచ్చబడేది. దాని మీదే వంట, దాని పక్కనే పాప ఉయ్యాల.

ముత్యాలు రోజూ దాన్ని బుజ్జగించి వెలిగించేది. ఇనుముకి తొందర పనికిరాదని ఆ పిల్లకి తెలుసు. వెలిగిస్తూ పాడేది:

నిదానం నిప్పమ్మా, నిదానం,
పుడక తిని పుల్ల తిను,
పుల్ల తిని బద్ద తిను,
బద్ద తిని మొద్దు తిను,
తొందరపడి తలుపు తినకు.

బావుందా? మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పొయ్యిని పోసిన వాళ్ళెవరు? ఊరి చివర పోతవాడలో ఉండేవాళ్ళు. ఊళ్ళో పొయ్యిలు పోసేది వాళ్ళే, నాగలి కర్రులు పోసేది వాళ్ళే, అడవికి పోయి కట్టె కొట్టుకొచ్చేదీ వాళ్ళే. కానీ కోట గడప మీద ఒక ఇనుప రేకు పరిచి, మేకులు కొట్టి ఉండేది. పోతవాడ వాళ్ళు ఆ రేకు మీద కట్టె దించి, వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలి. రేకు దాటి ఒక్క వేలు కూడా లోపలికి రాకూడదు. వాళ్ళు తెచ్చిన కట్టె లోపలికి రావచ్చు. వాళ్ళు పోసిన పొయ్యి లోపల కూర్చోవచ్చు. దాని మీద ఉడికిన అన్నం రాణిగారి కడుపులోకి వెళ్ళొచ్చు. వాళ్ళు మాత్రం రాకూడదు. ఇదెక్కడి న్యాయం అమ్మమ్మా అని అడగండి. అడగాలి. నాకు జవాబు తెలియదు, ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. అంతకు ముందు అడిగినవాళ్ళు లేరు, అంతే.

కొండమాంబ ఇంకా ఒక పని చేసేది. వాళ్ళు దించిన కట్టె మీద పసుపు నీళ్ళు చల్లి శుద్ధి చేసి గానీ లోపలికి తీసుకునేది కాదు. తడి కట్టె ఎలా మండుతుంది? అందుకే ఆ కోటలో అందరి కళ్ళూ ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. రాణిగారేమో అది మన వంశం తేజస్సు అనేవారు.

నవ్వకండి, ముందుంది.

ఒకరోజు పొద్దున ముత్యాలు పెరట్లో స్నానానికి వెళ్ళింది. కొండమాంబ పక్క గదిలో పూజలో ఉంది. రాజుగారు మేడ మీద కత్తి తుడుచుకుంటున్నారు. అప్పుడు పోతవాడ నుంచి గైరమ్మ కట్టె మోపు తెచ్చి రేకు మీద దించింది. తల ఎత్తి చూసేసరికి, పొయ్యి తలుపు గడియ జారి తలుపు తెరుచుకుని ఉంది. లోపలి నుంచి ఎర్రటి నిప్పు మొద్దు ఒకటి దొర్లి ఉయ్యాల కిందకి వచ్చింది. ఉయ్యాల గుడ్డ అంచు దానికి తగిలి నల్లబడుతోంది.

గైరమ్మ కేక వేసింది. ఎవరూ పలకలేదు. మళ్ళీ వేసింది. పూజలో గంట మోగుతోంది, ఎవరికీ వినపడలేదు. ఇక చూడండి, ఆ మనిషి రేకు దాటేసింది. ఉత్త చేత్తో నిప్పు మొద్దు పట్టుకుని పొయ్యిలోకి విసిరింది. తలుపు మూసి గడియ పెట్టింది. అంటుకున్న గుడ్డ అంచును రెండు చేతులా నలిపి ఆర్పింది. పాప కళ్ళు తెరిచి ఆమెనే చూస్తోంది.

సరిగ్గా అప్పుడే కొండమాంబ బయటికొచ్చింది. ఆవిడకి కాలిన గుడ్డ కనపడలేదు. గైరమ్మ అరచేతిలో లేచిన బొబ్బ కనపడలేదు. రేకుకి ఇవతల ఉన్న కాలు కనపడింది. పొయ్యి గడియ మీద ఉన్న చెయ్యి కనపడింది.

"ఒసే, ఎంత ధైర్యమే నీకు" అంది. గైరమ్మ ఏదో చెప్పబోతే వినలేదు. గబగబా లోపలికెళ్ళి నిండు బిందెడు పసుపు నీళ్ళు తెచ్చి, ఎర్రగా కాగి ఉన్న ఆ పొయ్యి మీద ధబాల్న కుమ్మరించింది.

ఫెళ్ళుమంది. కోట కప్పు కదిలిందనుకున్నారు. గదంతా ఆవిరి. ఆవిరి తగ్గాక చూస్తే, పొయ్యి తలుపు మూల నుంచి కాలు దాకా పొడుగాటి పగులు. అందులోంచి లోపలి నిప్పు కనపడుతోంది. పాప ఏడవను కూడా ఏడవలేదు, అదిరిపోయి ఊపిరి బిగబట్టింది. ముత్యాలు తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి వీపు నిమిరితే గానీ ఏడుపు రాలేదు.

ఏం మురారీ? నీళ్ళకి ఇనుము పగులుతుందా అనా? మొన్న కాఫీ పోసిన గాజు గ్లాసుని నువ్వు కుళాయి కింద పెట్టినప్పుడు ఏమైంది? అదే. కొట్టి సాగదీసిన ఇనుమైతే వంగుతుంది. కరిగించి పోసిన ఇనుము వంగదు. కాగి ఉన్నప్పుడు చల్లటి నీళ్ళు పోస్తే పగిలి ఊరుకుంటుంది. మట్టి పొయ్యిని చల్లారాక అలికినట్టు దీన్ని కూడా కడిగేద్దామనుకుంది రాణి.

రాజుగారు దిగొచ్చారు. ఇనుము మాట వినకపోతే కొట్టాలి, నేను రాజుని, నా దెబ్బకి లొంగని ఇనుముందా అని సుత్తి తీసుకుని పగులు మూసుకోవాలని ఒక్కటిచ్చారు. ఒక పగులు రెండైంది. రాజుగారు సుత్తి కింద పెట్టేసి, వాతావరణం బాలేదు అని చెప్పి మేడెక్కారు.

ఊ కొడుతున్నారా? గట్టిగా కొట్టండి. ఎందుకంటే ఇప్పుడు పొయ్యి కూడా ఊ కొడుతుంది.

అవునర్రా. పగిలిన పొయ్యిలో మళ్ళీ కట్టె పెట్టి వెలిగించారు. పగులులోంచి పొగంతా గదిలోకి వచ్చింది. గాలి ఆ పగులులోంచి లోపలికి దూరుతూ, ఊఁ... ఊఁ... అని మూలుగు. భూతం చేరిందన్నారు. భూతవైద్యుణ్ణి పిలిపించారు. ఆయన వేపమండ ఊపి, చెవి పెట్టి విని, అంటరాని చెయ్యి తగిలింది కనుక భూతం లోపల కూర్చుందనీ, ఇంకో బిందెడు నీళ్ళు పోస్తే లేచిపోతుందనీ చెప్పాడు. కొండమాంబ అప్పుడే బిందె ఎత్తింది.

ముత్యాలు పాపని భుజాన వేసుకుని పొయ్యికి అడ్డం వచ్చి నిలబడింది.

"పోస్తే మా ఇద్దరి మీదా పొయ్యండి అత్తయ్యగారూ" అంది.

"భూతం వింటోంది, చూడండి, ఊ అంటోంది" అన్నాడు వైద్యుడు.

ముత్యాలు ఒక పొడి గోనెపట్టా మడిచి పగులు మీద అదిమింది. మూలుగు ఆగింది. తీసింది. ఊఁ అంది. అదిమింది, ఆగింది. తీసింది, ఊఁ అంది. "మీ భూతానికి నోరు ఇదేనండీ. ఇక్కడ మూస్తే మాట్లాడదు" అంది. వైద్యుడు "నన్ను చూసే భూతం నోరు మూసుకుంది" అంటూ వేపమండ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అలాంటివాళ్ళు ఎప్పుడూ గెలిచే వెళ్తారు.

కానీ పాప సంగతి? పొయ్యి వెలిగిస్తే పొగకి దగ్గి దగ్గి నీలంగా అయిపోతోంది. ఆర్పేస్తే చలికి పెదాలు నల్లబడుతున్నాయి. పుట్టి కొద్ది రోజులే అయిన పిల్ల ఎన్నాళ్ళు తట్టుకుంటుంది? ముత్యాలు పాపని గొంగడిలో చుట్టి గడప వైపు నడిచింది.

ఎక్కడికని అడిగింది కొండమాంబ.

"పోతవాడకి. గైరమ్మ ఇంట్లో పొయ్యి పగల్లేదు."

కొండమాంబ నెమ్మదిగా అంది, రాజుగారి మనవరాలు ఆ గడపలోకి వెళ్తే మళ్ళీ ఈ గడపలోకి రాదని, పిల్లే కాదు, తల్లి కూడా రాదని.

"ఆ మనిషి ఈ రేకు దాటబట్టే ఈ పిల్ల ఉందత్తయ్యగారూ. కాలిన గుడ్డ అదిగో, ఉయ్యాలకే వేలాడుతోంది. మీరింకా చూడలేదు" అని ముత్యాలు రేకు దాటి వెళ్ళిపోయింది.

పోతవాడలో గైరమ్మ చేతికి ఆకు పసరు రాసి గుడ్డ కట్టుకుని కూర్చుంది. పిల్లని చూసి లేచింది. మంచి చేత్తో అందుకుని మట్టి పొయ్యి పక్కన తన అత్త ఒళ్ళో పడుకోబెట్టింది. ముసలమ్మ పాప పాదాలు రెండూ గుప్పిట్లో పెట్టుకుంది. కాసేపటికి పాప పెదాలకి రంగు వచ్చింది. అప్పుడు ఏడ్చింది ముత్యాలు.

ఏడుపయ్యాక పొయ్యి సంగతి అడిగింది. బాగు చెయ్యలేమా అంది.

"పిల్ల కోసం నా ఇల్లు తెరుస్తాను. మీ పొయ్యి కోసం నా నోరు తెరవను" అంది గైరమ్మ. "అయినా పోత ఇనుము అతకదు చిన్నదొరసానమ్మా. పగిలితే కరిగించి మళ్ళీ పోస్తాం. కొలిమి వెయ్యాలంటే బొగ్గు కావాలి, బొగ్గుకి ఎండాకాలం రావాలి. అప్పటిదాకా చలి ఆగమంటే ఆగుతుందా?"

ముత్యాలు చుట్టూ చూస్తూ కూర్చుంది. మూలన ఒక ఇనుప మూకుడు, దాని మీద ఇనుప మూత. వానలో పడి తుప్పుపట్టి రెండూ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. లాగి చూసింది, రాలేదు. కాలితో తొక్కిపట్టి లాగింది, రాలేదు.

"దీన్ని ఎవరు అతికారు?" అంది.

"ఎవరూ అతకలేదు. తుప్పు."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తినేసే తుప్పు, కావాలని పెడితే పట్టుకుంటుందేమో. ఇనుమును రాస్తే రాలే రజనుని ఉప్పుతో, పులిసిన గంజితో కలిపి పగులులో కూరితే, అది తుప్పెక్కి ఉబ్బి గట్టిపడదా అంది ముత్యాలు. గైరమ్మ నవ్వేసింది. నవ్వి ఆగిపోయింది. పగులు చివర ఒక బెజ్జం వెయ్యాలి, లేకపోతే చీలిన అరిటాకులా అది నడుస్తూనే ఉంటుందంది. పైన ఇనుప రేకు కప్పాలంది. నోరు తెరవనన్న మనిషి అప్పటికే సగం పని చెప్పేసింది.

"వస్తాను" అంది చివరికి. "కానీ రేకు దగ్గర ఆగి, బయటినుంచి చెప్పను. లోపలికే వస్తాను. నేను వెళ్ళాక ఆ పొయ్యి మీద ఎవరైనా నీళ్ళు చల్లితే నేనే వచ్చి పగలగొడతాను."

పాపని ముసలమ్మకి అప్పగించి, బెజ్జాలు వేసే బరమా, ఇనుము అరగదీసే ఆకురాయి, పటకారు తీసుకుని ఇద్దరూ కోటకి నడిచారు. గడప అవతల కొండమాంబ నిలబడి ఉంది. పైన రాజుగారు. ఇల్లంతా చల్లగా, చీకటిగా ఉంది. ఎవరూ అడ్డం రాకముందే గైరమ్మ రేకు దాటి లోపలికి నడిచింది.

రజనుకి ఇనుము కావాలి. ముత్యాలు రాజుగారి కత్తి అడిగింది. రాజుగారు కత్తిని గుండెకి హత్తుకున్నారు. ఇది మా తాత యుద్ధంలో పట్టిన కత్తి అన్నారు. ఏ యుద్ధం మావయ్యగారూ అంది ముత్యాలు. ఆయన చాలాసేపు ఆలోచించి, కూర్చుని ఆయనే ఆకురాయితో కత్తిని రాయడం మొదలెట్టారు. పాపం, కత్తి అన్నాళ్ళకి ఒక పనికొచ్చింది.

ఇక కప్పడానికి రేకు. కోటంతా వెతికారు. డాలు చూస్తే తోలుది. పెనం తీస్తే రొట్టెలు లేవు. గైరమ్మ గడప దగ్గర నిలబడి కిందకి చూసింది.

"చిన్నదొరసానమ్మా, రేకు ఇక్కడుంది కదా" అంది.

హేలా, నువ్వైతే ఏం చేసేదానివి? కొండమాంబ ఏం చేసిందో తెలుసా? వచ్చి ఆ రేకు మీద చతికిలబడి కూర్చుంది. నన్ను లేపి తీసుకోండి అంది. రాణిగారిని ఎవరు లేపుతారు? ముత్యాలు గడ్డపార పట్టుకుని నిలబడింది. గైరమ్మ కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని నిలబడింది. రాజుగారు కత్తి రాస్తూ, మన పిల్ల అవతల వాళ్ళింట్లో ఉందే, పొయ్యి వెలిగితేనే వస్తుందే అని బతిమాలారు. ఆవిడ కదల్లేదు.

కానీ రేకు కదా, చలికాలం రేకు. ముందు చీర చల్లబడింది, తర్వాత ఒళ్ళు చల్లబడింది, తర్వాత ఎముక చల్లబడింది. కొండమాంబ పళ్ళు టకటకమన్నాయి. ఆ కోటకి కాపురానికి వచ్చాక ఆవిడ ఆ రేకు మీద కాలు పెట్టింది లేదు, దాటడమే.

"మేం రోజూ దాని మీదే నిలబడి కట్టె దించేవాళ్ళం దొరసానమ్మా. చెప్పులు లేకుండా" అంది గైరమ్మ.

కొండమాంబ లేచింది. మనసు మారి లేచిందనుకునేరు. చలికి లేచింది. అయినా లేచింది, నాకది చాలు.

గడ్డపారతో రేకు ఊడదీశారు. మేకులు ఏరుకున్నారు. చల్లబడ్డ పొయ్యిలోంచి బూడిదంతా తోడేశారు. పగుళ్ళ చివర్లన్నిటా బరమాతో బెజ్జాలు వేశారు, ముత్యాలు బరమాకి చుట్టిన తాడు లాగుతుంటే గైరమ్మ మోచేత్తో అదిమింది. పగుళ్ళలో రజను ముద్ద కూరారు. రేకు కప్పి, పొయ్యికి వేసిన బెజ్జాల్లో మేకులు దూర్చి, లోపలి కొసలని పటకారుతో మెల్లగా వంచాలి. సుత్తి మాత్రం ముట్టుకోలేదు. రాజుగారి వైపు చూసి మరీ ముట్టుకోలేదు.

వంచడానికి గైరమ్మ కాలని చెయ్యి పొయ్యి లోపలికి పెట్టింది. పెట్టి, ఆగిపోయింది. లోపలి గోడ మీద ఏదో ఉబ్బెత్తుగా తగిలింది. బయటికి తీసి దీపం అడిగింది. అందరూ వంగి చూశారు.

అరచెయ్యి. అయిదు వేళ్ళూ, చిటికెన వేలు కాస్త వంకర. ఇనుములో పోసి ఉంది.

పోతవాడ వాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. అచ్చుకి ఇసక మెత్తాక, ఎవరికీ కనపడని వైపున, పోసేవాళ్ళు ఒకసారి అరచెయ్యి అద్దుతారు. అది ఇనుములో అచ్చై ఉండిపోతుంది. గైరమ్మ తన చెయ్యి దాని మీద పెట్టింది. చిటికెన వేలి వంకరతో సహా సరిపోయింది. ఆ వంకర ఆమెకి వాళ్ళ నాన్నమ్మ నుంచే వచ్చింది, అది నాన్నమ్మ చెయ్యి.

కొండమాంబ నేల మీద కూర్చుండిపోయింది. ఈ కోటకి కోడలిగా వచ్చిన రోజు నుంచి ఆవిడ తిన్న ప్రతి ముద్దా ఆ చేతి మీదే ఉడికింది. దేవుడి నైవేద్యం ఆ చేతి మీదే ఉడికింది. నీళ్ళు చల్లీ చల్లీ బయట ఎంత కడిగినా, లోపల ఆ చెయ్యి అలాగే ఉంది. ఇప్పుడు దేన్ని కడగాలి? ఎక్కడి నుంచి కడగాలి?

తుప్పు ఊరేదాకా పొయ్యి వెలిగించకూడదు. ముద్ద ఆరిపోకుండా ఉప్పు గంజి తడి పెడుతూ ఉండాలి. అన్నాళ్ళూ కోటలో చలి. అన్నాళ్ళూ పాప పోతవాడలో. చివరికి ఒక మధ్యాహ్నం కొండమాంబ శాలువా కప్పుకుని గైరమ్మ ఇంటి ముందుకొచ్చి, బయటే నిలబడింది. లోపల పాప కేరింతలు వినపడుతున్నాయి.

"అక్కడే ఆగిపోయారేం దొరసానమ్మా?" అంది ముసలమ్మ. "మా గడప మీద రేకు లేదే."

కొండమాంబ తల వంచుకుని లోపలికి వచ్చింది. మట్టి పొయ్యి దగ్గర కూర్చుంది. ముసలమ్మ పాపని ఆవిడ ఒళ్ళో పెట్టి, పాదాలు గుప్పిట్లో పెట్టుకోవాలి, ఇలా, అని చూపించింది.

పొయ్యి వెలిగించే రోజు ఊరు ఊరంతా కోట గుమ్మంలో గుమికూడింది. ముత్యాలు కూర్చుంది. గైరమ్మ పక్కన కూర్చుంది. పాడండి మీరూ:

నిదానం నిప్పమ్మా, నిదానం,
పుడక తిని పుల్ల తిను,
పుల్ల తిని బద్ద తిను,
బద్ద తిని మొద్దు తిను,
తొందరపడి తలుపు తినకు.

పుడక పెట్టారు, చూశారు. పుల్ల పెట్టారు, చూశారు. బద్ద పెట్టారు, ఊపిరి బిగబట్టారు. మొద్దు పెట్టారు. ఎక్కడా పొగ లేదు. చెవులు రిక్కించి విన్నారు. పొయ్యి ఊ కొట్టలేదు. గది వెచ్చబడింది.

అప్పుడు కొండమాంబ లోపలి నుంచి వచ్చింది. చేతిలో నిండు బిందె.

గైరమ్మ లేచి నిలబడింది. ముత్యాలు మళ్ళీ పాపని ఎత్తుకుని అడ్డం రాబోయింది. కొండమాంబ ఎవరి వైపూ చూడకుండా పొయ్యి మీదున్న గిన్నె మూత తీసి, ఆ నీళ్ళు అందులో పోసి, మూత పెట్టింది.

"గోరువెచ్చగా అయితే చాలు" అంది. "గైరమ్మా, ఆ కట్టు విప్పు. చెయ్యి చూడనీ. అప్పుడే చూడాల్సింది."

అంతే. పాపకి గైరమ్మ నాన్నమ్మ పేరే పెట్టారు. కొడుకు సరిహద్దు నుంచి తిరిగొచ్చి గడప దగ్గర తడబడ్డాడు, ఏదో తగ్గిందే ఇక్కడ అన్నాడట. రేకు పోయాక అక్కడ మేకుల బొక్కలు మిగిలాయి. వాటిలో చీమలు ఇళ్ళు కట్టుకున్నాయి. వచ్చేవాళ్ళని, పోయేవాళ్ళని ఒక్కర్ని కూడా ఆపలేదు చీమలు. అందరూ సుఖంగా ఉన్నారు. కట్టె కూడా పొడిగా మండింది, రాణిగారి కళ్ళ ఎరుపు కూడా పోయింది.

కాబట్టి పిల్లలూ, కాగిన దాని మీద చల్లటివి పొయ్యకండి. ఏదైనా పగిలితే దాని చివర ఎక్కడుందో ముందు వెతకండి. ఎవరైనా మీ ఇంటి గడప బయట ఆగిపోతే, ఎందుకాగారో వంగి కిందకి చూడండి.

ఏం మురారీ, మన ఇంట్లోనా? పనిమనిషికి విడిగా పెట్టిన ఆ స్టీలు గ్లాసు గురించా అడుగుతున్నావు? ...ఊ. రేపు పొద్దున ఆ గ్లాసు సంగతి మీ తాతయ్యని మనిద్దరం కలిసి అడుగుదాం. ఇప్పుడు కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పటి దారి పట్టాలి. చెల్లికి సగం ఇవ్వు.